ఏడో తారీకు సాయంత్రం

పోయిన నెలలో ఓ ఆదివారం మా పిన్ని కొడుకు ఫోన్ చేసి మా విశాఖ ఆర్కే బీచ్‌కి రమ్మన్నాడు. "డబ్బు విషయం మాట్లాడాలక్కా, పది నిమిషాలు చాలు" అన్నాడు. అప్పు అడుగుతాడేమోనని దారి పొడుగునా మనసులో ఓ అంకె అనుకుంటూ వెళ్ళాను. తీరా చూస్తే అప్పు కాదు. కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా గట్టు మీద కూర్చోబెట్టి, ముర్రీ మిక్చర్ పొట్లం నా చేతికిచ్చి, ఫోన్‌లో ఓ పట్టిక తెరిచాడు. ఏడు మ్యూచువల్ ఫండ్లు. ఒక్కోదానికి ఏడాది రాబడి, మూడేళ్ళ రాబడి, అయిదేళ్ళ రాబడి, వాళ్ళు పట్టుకునే ఖర్చు. బాగున్నవాటికి ఆకుపచ్చ రంగు, బాగోనివాటికి ఎరుపు.

"ఇందులో దేంట్లో పెట్టమంటావు?"

వాడు మధురవాడ ఐటీ హిల్స్ మీద ఓ కంపెనీలో చేరి పద్నాలుగు నెలలైంది. చేతికి 32,000 వస్తుంది. ఇప్పటిదాకా ఎంత దాచావురా అనడిగాను. పొట్లంలో పల్లీలు ఏరుకుంటూ, "ఇంకా మొదలెట్టలేదక్కా. ఏది మంచిదో తేలాక మొదలెడదామని" అన్నాడు. ఆ పట్టిక వెయ్యడం మొదలుపెట్టి అయిదు నెలలైందట.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అలాంటి పట్టిక నేనూ వేశాను, 2011లో, రూళ్ళ నోటుపుస్తకంలో. అప్పట్లో నా జీతం 9,500. పీపీఎఫ్ (అదే, సర్కారు వడ్డీ ఇచ్చే పొదుపు ఖాతా), పోస్టాఫీసు, ఫండ్లు, బంగారం అని నాలుగు గళ్ళు గీసి, పేపర్లో పడ్డ ప్రతి ముక్కా కత్తిరించి అంటించేదాన్ని. మూడేళ్ళు అలా అంటించాను. ఈలోగా జీతం జీతంలాగే అయిపోయేది. మధ్యలో వరసకి మావయ్య అయ్యే ఓ ఏజెంటు ఇంటికొచ్చి, కాఫీ తాగి, ఏడాదికి 24,000 కట్టే బీమా పాలసీ ఒకటి చేతిలో పెట్టి వెళ్ళాడు. నాలుగు గళ్ళ నోటుపుస్తకం ఉన్న మనిషిని, కాదనలేకపోయాను. మూడేళ్ళు కట్టి ఆపేస్తే కట్టినదాంట్లో సగం కూడా తిరిగి రాలేదు.

అందుకే ఈ పోస్టు. ఇరవైల్లో ఉన్నవాళ్ళకి డబ్బు గురించి చెప్పేవాళ్ళంతా ఎక్కడ పెట్టాలో చెప్తున్నారు. నా పదిహేనేళ్ళ ఉద్యోగంలో నాకు అర్థమైందేమిటంటే, మొదటి నాలుగైదేళ్ళు ఎక్కడ అన్నది చిన్న ప్రశ్న. ఏ తారీకున అన్నదే పెద్దది.

అడ్వాన్సుల పుస్తకం

నేను కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఓ సరుకు రవాణా ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. జీతాలు ఏడో తారీకున వేస్తాం. ఇరవయ్యో తారీకు దాటాక నా టేబుల్ దగ్గరికి ఒక్కొక్కళ్ళే రావడం మొదలవుతుంది. "మేడమ్, ఓ రెండు వేలు..." దానికో పుస్తకం ఉంది, ఎర్ర అట్టది. పేరు, తారీకు, ఎంత, సంతకం. అందులో 18,000 జీతం వాళ్ళున్నారు, 45,000 జీతం వాళ్ళూ ఉన్నారు. జీతం పెరిగినవాళ్ళ పేరు పుస్తకంలోంచి పోతుందని మొదట్లో అనుకునేదాన్ని. పోదు. రెండు వేలు అడిగేవాళ్ళు అయిదు వేలు అడుగుతారు, అంతే.

అయితే ఆ పుస్తకంలో ఒక్కసారి కూడా ఎక్కని పేరు ఒకటుంది. మా గోడౌన్లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అబ్బాయి. ఇల్లు మల్కాపురం, జీతం 19,000, వయసు ఇరవై ఆరు. ఏం చేస్తావయ్యా అని ఓసారి అడిగితే, "ఏడో తారీకు సాయంత్రమే నాలుగు వేలు చీటీకి కట్టీస్తాను మేడమ్. ఎనిమిదో తారీకున లేచీసరికి నా జీతం పదిహేను వేలే" అన్నాడు.

ఈ మాట దగ్గరే నేను ఆగిపోయాను. అతను పొదుపు చెయ్యడం లేదు, తన జీతం పదిహేను వేలని నమ్మేశాడు. నెలాఖరుకి ఏమైనా మిగిలితే దాద్దాం అనుకునేవాడికి ఏ నెలా మిగలదు. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, బండికి టైరు, ఇంటి దగ్గర్నించి ఫోను, ఏదో ఒకటి ఉంటుంది.

రూపాయి వడ్డీ, మూడున్నర వడ్డీ

మా తమ్ముడి పట్టిక దగ్గరికి మళ్ళీ వద్దాం. వాడు తేల్చుకోలేక కొట్టుకుంటున్న రెండు ఫండ్లకీ మధ్య తేడా ఒక్క శాతం. నెలకి 5,000 చొప్పున ఏడాది కడితే మొత్తం 60,000. కానీ మొదటి నెల కట్టింది పన్నెండు నెలలుంటుంది, ఆఖరి నెల కట్టింది ఒక్క నెలే ఉంటుంది. సగటున ఏడాదంతా ఉన్నది 32,500. దాని మీద ఒక శాతం అంటే 325 రూపాయలు. వాడి అయిదు నెలల పరిశోధనకి, అన్నీ అనుకున్నట్టే జరిగితే, ఏడాదికి వచ్చే ఫలితం అది. ఆ అయిదు నెలలూ నెలకి అయిదు వేలు దిండు కింద పెట్టుకున్నా పాతిక వేలుండేవి. గట్టు మీదే వేళ్ళ మీద లెక్క కట్టి చెప్తే కాసేపు సముద్రం వైపు చూశాడు. "అయితే ఏటంటావక్కా, చదవొద్దంటావా?" అన్నాడు.

చదవొద్దనను. ఇక్కడ నన్ను నేనే కాదనుకోవాల్సిన లెక్క ఒకటుంది. అదే 5,000 ఏడు శాతం చొప్పున అయిదేళ్ళు కడితే సుమారు 3,60,000 అవుతుంది. పన్నెండు శాతమైతే 4,12,000. తేడా యాభై రెండు వేలు. తక్కువేం కాదు. ఇరవయ్యేళ్ళకైతే 26 లక్షలెక్కడ, 50 లక్షలెక్కడ! పన్నెండు శాతం వస్తుందని ఎవరూ రాసివ్వరనుకోండి, అది వేరే సంగతి. కానీ పీపీఎఫ్ వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 7.1 దగ్గరే ఆగిపోయింది. ముందు ఇంకా ముప్పయ్యేళ్ళున్న మనిషి డబ్బంతా అందులోనే పోసి కూర్చోవడం తెలివైన పని కాదు. ఒప్పుకుంటాను. రేటు లెక్కలోకి వచ్చే రోజు తప్పకుండా వస్తుంది. అయితే ఆ రోజు రావాలంటే ముందు రేటు పని చెయ్యడానికి కింద అసలంటూ ఉండాలి కదా.

మా అమ్మకి ఈ శాతాలు ఎక్కవు. ఆవిడ లెక్క నూటికి నెలకి ఎన్ని రూపాయలన్నదే. ఆ లెక్కలో పీపీఎఫ్‌ది అరవై పైసల వడ్డీ. తమ్ముడు వెతుక్కుంటున్న పన్నెండు శాతం రూపాయి వడ్డీ. ఇది చెప్తూ చెప్తూ, వాడి క్రెడిట్ కార్డు సంగతి కూడా చెప్పాను. ఫోన్ కొన్నప్పటి బాకీ 38,000 ఉండిపోయింది, ప్రతి నెలా కనీస మొత్తమే కడుతున్నాడు. నెలకి మూడున్నర శాతం.

"మూడున్నర రూపాయల వడ్డీయా?" అంది అమ్మ, చేతిలో చాట కింద పెట్టేసి. "కంచరపాలెంలో కాబూలీవాడు కూడా అంత తీసుకోలేదే! ముందు అది తీర్చమను."

ఆవిడకి మ్యూచువల్ ఫండ్ అంటే ఏమిటో తెలీదు. కానీ రూపాయి వడ్డీ కోసం వెతుకుతూ మూడున్నర వడ్డీ కట్టడం ఏమిటో ఒక్క క్షణంలో పట్టేసింది. 42 శాతం అని ఫోన్లో చూసినప్పుడు మనవాడికి ఏమీ అనిపించలేదు. నూటికి మూడున్నర అన్నాక ఆ నెలే సగం తీర్చాడు. శాతాల్లో రాయడం వల్ల కార్డులవాళ్ళకి ఎంత మేలు జరిగిందో!

అమ్మ చీటీ

ఇప్పుడు చీటీల గురించి రాస్తే కింద ఎవరేం అంటారో తెలుసు. మునిగిపోయినవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. మా ఇంట్లోనే ఉన్నారు.

మర్రిపాలెంలో మా వీధిలో ఒకావిడ నడిపేది. ఇరవై మంది, నెలకి వెయ్యి, ఇరవై వేల చీటీ. నెలలో మొదటి ఆదివారం మధ్యాహ్నం పాట. అవసరమున్నవాళ్ళు పాడుకుంటారు. ఓ నెల ఎవరో పిల్లాడి ఫీజు కోసం పదిహేను వేలకే పాడుకున్నారనుకోండి, మిగిలిన అయిదు వేలల్లో వెయ్యి ఆవిడది, నాలుగు వేలు ఇరవై మందికీ. అంటే ఆ నెల మనం కట్టేది ఎనిమిది వందలే. అమ్మ ఎప్పుడూ పాడేది కాదు, చివరిదాకా ఉంచేది. మా అక్క పెళ్ళి గొలుసు ఆ డబ్బుతో కురుపాం మార్కెట్లో కొన్నదే. 2009లో ఆ చీటీలావిడ ఓ రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. అమ్మవి పదకొండు వాయిదాలు పోయాయి. తాళం వేసిన ఆ ఇంటి ముందు ఆడవాళ్ళంతా నిలబడి ఉండడం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ఎవరూ అరవలేదు. పోలీసు స్టేషనుకి వెళ్తే ఇంట్లో మగవాళ్ళకి తెలుస్తుందని సగం మంది అసలు నోరే ఎత్తలేదు.

1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా చీటీ నడపడమే నేరం. రిజిస్టర్డ్ కంపెనీ అయితే చీటీ మొత్తానికి సమానమైన హామీ రిజిస్ట్రార్ దగ్గర ఉంచాలి. నడిపేవాళ్ళ కమిషన్ 5 శాతం మించకూడదని ఉండేది, 2019 సవరణలో దాన్ని 7 చేశారు. ఇవన్నీ మాకప్పుడు తెలీవు. తెలిసినా ఆ వీధిలో ఎవరూ ఆవిడని కాగితాలు చూపించమనేవారు కాదు, పక్కింటావిడ కదా!

కాబట్టి చీటీ వెయ్యమని నేను చెప్పడం లేదు. కానీ చీటీలో ఉన్న కట్టుబాటు ఉంది చూశారూ, అది మన ఫోన్లలో లేదు. నెల తప్పితే పంతొమ్మిది మందికి తెలుస్తుంది. సిప్, అంటే ఫండుకి నెలనెలా కట్టే వాయిదా, తప్పితే ఎవరికీ తెలీదు, ఓ మీట నొక్కితే ఆగిపోతుంది. మా అమ్మకి పొదుపు మీద పెద్ద నమ్మకమేం లేదు, పరువు పోతుందన్న భయం ఉంది. ఆ భయమే గొలుసు అయింది.

ఈ భయం లేని మనం ఏం చెయ్యాలి? నేను చేసింది చెప్తాను. 2014లో మా అకౌంటెంట్ పెద్దాయన నాతో ఓ కాగితం మీద సంతకం పెట్టించారు. పీఎఫ్‌కి చట్టప్రకారం పోయేదానికి తోడు, నా ఇష్టపూర్వకంగా ఇంకో రెండు వేలు జీతంలోంచే కోసెయ్యమని. ఆపాలంటే నేను మళ్ళీ ఆయనకి కాగితం రాసివ్వాలి, ఆయన కళ్ళజోడు పైకెత్తి "ఎందుకమ్మా?" అంటారు. ఆ ఒక్క ప్రశ్నకి జడిసి నాలుగేళ్ళు ఆపలేదు. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలో నేనే కూర్చున్నాను. ఆ మరుసటి ఏడాదే ఆపేశాను. నిజం చెప్తున్నాను.

పీఎఫ్ అన్నాను కాబట్టి ఒక మాట. 15,000 మూల వేతనం మీద లెక్కగట్టే కంపెనీల్లో నెలకి 1,800 మన జీతంలోంచి పోతుంది. కంపెనీ వేసే 1,800లో 1,250 పెన్షన్ ఖాతాకి వెళ్ళిపోతే 550 మన పీఎఫ్‌లో పడుతుంది. అంటే నెలకి 2,350 మనం చూడకుండానే చేరుతోంది. మా తమ్ముడు పద్నాలుగు నెలల్లో ఏమీ దాచలేదన్నాడు కానీ వాడికి తెలీకుండా ముప్పై రెండు వేల పైన ఉంది. యూఏఎన్, అదే పీఎఫ్ నంబరు, దాంతో ఖాతా తెరిపించి చూపిస్తే మొహం వెలిగింది. వెంటనే, "ఇది తీసుకోవచ్చా?" అన్నాడు. వాడి రూమ్మేటు ఉద్యోగం మారిన ప్రతిసారీ తీసేస్తున్నాడట. అయిదేళ్ళ సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుందని చెప్పాను గానీ, ఆ మాట కంటే నా మొహం చూసే ఆగి ఉంటాడు.

మరి ఈఎంఐ?

ఇదంతా ఆఫీసులో మధ్యాహ్నం క్యారేజీల దగ్గర చెప్తుంటే మా డిస్పాచ్ కుర్రాడు ఓ మాట అన్నాడు. "కట్టుబాటే గొప్పదైతే నా బండి ఈఎంఐ కూడా కట్టుబాటే కదండీ. అయిదో తారీకుకల్లా కోసేస్తారు. ఒక్క నెల తప్పలేదు."

దీనికి జవాబు వెంటనే రాలేదు నాకు. నెలకి 4,600 తప్పకుండా కడుతున్నాడు, ముప్పై ఆరు నెలలు. అంటే కట్టే శక్తి ఉంది, కట్టే క్రమం ఉంది. ఈ లక్షణం మన పిల్లల్లో లేదని పెద్దవాళ్ళు అనడం తప్పు. ఎవరో బయటివాడు పట్టుకుంటే అందరూ కడతారు. సాయంత్రం అతన్ని పిలిచి అడిగాను, ఈఎంఐ అయిపోయిన నెల ఏం చేస్తావని. "అప్పటికి కొత్త మోడల్ వస్తాది కదండీ" అన్నాడు, నవ్వుతూ. నా జవాబు అక్కడుందేమో. ముప్పై ఏడో నెల అదే తారీకున అదే 4,600 తన పేరు మీద ఓ రికరింగ్ డిపాజిట్‌కి మళ్ళించుకుంటే అతను కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు. చూడాలి. వచ్చే మార్చిలో అయిపోతుంది.

జీతమే చాలనివాళ్ళ మాటేమిటి? పరవాడ ఫార్మా సిటీలో కాంట్రాక్టు మీద చేసే అమ్మాయి ఒకామె మా మేడ మీద గదిలో ఉంటుంది. పదహారు వేలు. అందులో ఏడు వేలు శ్రీకాకుళం దగ్గర ఊళ్ళో నాన్నకి వెళ్తుంది, మందులకి. ఆమెకి నేను తారీకుల గురించి ఉపన్యాసం ఇవ్వలేను. సంపాదించేవాడి జీతమంతా వాడిదేనన్నట్టు, ఇంత ఖర్చుకి, ఇంత సరదాకి, ఇంత పొదుపుకి అని గీతలు గీసే సలహాలు మన ఇళ్ళకి ఆనవు. మనకి ఇంటికి పంపేది సరదా కాదు, అలాగని అద్దెలాంటి ఖర్చూ కాదు. ఆ అమ్మాయి అయినా ఓ నగల షాపులో నెలకి వెయ్యి కడుతోంది, పదకొండు నెలల స్కీము. ముందుగా తీసుకున్న డబ్బుకి 365 రోజుల్లోపు సరుకు ఇచ్చెయ్యాలన్న నిబంధన ఉంది కాబట్టి ఆ స్కీములన్నీ పదకొండు నెలలకే ఆగుతాయి. మజూరీ, తరుగు కలిపితే అది మంచి బేరం కాదని నాకు తెలుసు. చెప్పలేదు. ఆ వెయ్యి అక్కడ కట్టకపోతే పోస్టాఫీసులో కడుతుందా, ఊరికి పంపేస్తుందా? రెండోదే జరుగుతుందని నా అనుమానం.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున మా తమ్ముడి రూమ్మేటున్నాడు. ఎక్స్‌పైరీ రోజున, అంటే గడువు తీరే రోజున, ఆఫీసు బాత్రూమ్‌లో కూర్చుని ఆప్షన్లు, అదే షేర్ల ధరల మీద పందాల్లాంటివి, ఆడే రకం. 2021-22 నుంచి మూడేళ్ళ లెక్కలు తీసి, ఇలా ఫ్యూచర్లు, ఆప్షన్లు ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని 2024 సెప్టెంబరులో షేర్ మార్కెట్ మీద అజమాయిషీ చేసే సెబీయే చెప్పింది. ఆ కుర్రాడు మిగతా ఏడు శాతంలో ఉన్నానంటాడు. అందరూ అంటారు. ఇంతకంటే ఆ విషయం మీద నాకు ఓపిక లేదు.

రెండు వందల గజాలు

విశాఖలో డబ్బు గురించి రాస్తూ స్థలం మాట ఎత్తకపోతే మా నాన్న ఒప్పుకోరు. ఆయన దృష్టిలో ఆస్తి అంటే రెండు వందల గజాలు, చుట్టూ నాలుగు రాళ్ళు. 2019 డిసెంబరులో విశాఖ రాజధాని అవుతుందన్న మాట వచ్చినప్పుడు ఒకసారి, డేటా సెంటర్ల వార్తలు వచ్చినప్పుడు ఇంకోసారి, ఆనందపురం వైపు బ్రోకర్ల ఫోన్లు మా ఇంటికి వరసకట్టాయి. "నీ వయసులో కొనుక్కోకపోతే ఎప్పుడు కొంటావు" అని తమ్ముణ్ణి కూడా కూర్చోబెట్టి చెప్పారు నాన్న.

ఆయన తప్పని అనలేను. ఆయన జీవితంలో మిగిలింది స్థలమే. కానీ స్థలంతో బాగుపడ్డవాళ్ళ కథలే మనకి వినిపిస్తాయి. సింహాచలం దేవస్థానంతో భూమి తగాదా ఉన్న పంచగ్రామాల్లో ఇల్లు కట్టుకుని దశాబ్దాలుగా ఉంటూ, అమ్ముకోలేక, బ్యాంకు లోను రాక, పిల్లలకి రాసివ్వలేక ఉన్న కుటుంబాల కథలు బ్రోకర్లు చెప్పరు. రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల నిషేధిత జాబితా, అదే 22ఏ, అందులో సర్వే నంబరు ఉందో లేదో చూసుకోకుండా అడ్వాన్సు ఇచ్చినవాళ్ళు మా ఆఫీసులోనే ఇద్దరున్నారు. అన్నీ సరిగ్గా ఉన్నా సరే, ఆసుపత్రి బిల్లు కోసం రెండు వందల గజాల్లోంచి ఇరవై గజాలు కోసి అమ్మగలమా?

2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను. గాలి ఆగాక మర్నాడు బయటికొస్తే చెట్లన్నీ పడి ఉన్నాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పని చెయ్యలేదు. నాన్నకి స్థలం ఉంది, నాకు బ్యాంకులో పదకొండు వేలున్నాయి. చేతిలో ఇద్దరికీ కలిపి మూడు వందల చిల్లర. అమ్మ వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఓ పాలకవరు పైకి తీసింది. కడిగి, ఆరబెట్టి, మడిచి, రబ్బరుబ్యాండు వేసిన కవరు. అందులో అన్నీ వందలే, ఆరు వేల పైన. ఆ పదిరోజులూ పాలు, మంచినీళ్ళు, కొవ్వొత్తులు, పక్కింటివాళ్ళ మందులు దాంట్లోంచే. ఎప్పుడు దాచావమ్మా అంటే, "నాన్న జీతం తెచ్చిన రోజున ఓ వంద. చూసుకోలేదు" అంది.

వడ్డీ సున్నా. ఆ నోట్లకి బియ్యప్పురుగుల మందు వాసన.

మొన్న ఏడో తారీకున మా ఫోర్క్‌లిఫ్ట్ అబ్బాయి చీటీ ముగిసింది. రిజిస్టర్డ్ కంపెనీదే, పాతిక నెలలు, లక్ష చీటీ. మధ్యలో ఎప్పుడూ పాడుకోలేదు. తగ్గింపులు పోగా మొత్తం కట్టింది 88,500, చేతికొచ్చింది 95,000. కాగితం మీద వేసి చూశాను, దాదాపు అరవై పైసల వడ్డీ. పెద్ద గొప్పేం కాదు. తమ్ముడి పట్టికలో అయితే దానికి ఎరుపు రంగు పడేది. కానీ తమ్ముడి సిప్‌లో ఇంకా ఒక్క వాయిదా కూడా పడలేదు, అది పోయిన వారమే మొదలైంది; జీతం మూడో తారీకున పడుతుంటే ఒకటో తారీకుకి పెట్టుకున్నాడు, మొదటిసారే బౌన్సయి బ్యాంకువాళ్ళు ఛార్జీ కూడా వేశారు. అయిదుకి మార్చుకోమన్నాను.

ఫోర్క్‌లిఫ్ట్ అబ్బాయి చెక్కు జిరాక్స్ నా టేబుల్ మీద పెట్టి నిలబడ్డాడు. "ఇంకో చీటీ వేసీసేను మేడమ్, నాలుగు వేలకే. ఈ తొంభై అయిదు వేలు మాత్రం ఎక్కడ పెట్టాలో తెలడం లేదు. మీరేటంటారు?"

కుర్చీ లాగి కూర్చోమన్నాను. అమ్మకి మందులున్నాయా, ఇల్లు ఎవరి పేరున ఉంది, పెళ్ళెప్పుడు అని అడిగాను. పెళ్ళి మూడేళ్ళ దాకా లేదట. ముప్పై వేలు ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా బ్యాంకులోనే ఉంచేద్దామని తేల్చాం. మిగతాదాని కోసం ఓ తెల్లకాగితం తీసి, నాలుగు గళ్ళు గీశాను.